పాత బాకీ

రికార్డు గదిలో ఎలకలు పడ్డాయంటే
బోను పెట్టడానికి వెళ్ళాను.
అటక మీంచి జారిపడింది ఓ ఖర్చుల పుస్తకం.
అట్టని చెదలు తినేశాయి,
ఏడాది అంకెల్లో చివరిదాన్ని ఎలక కొరికేసింది.
బెజవాడ అన్న మాట మాత్రం మిగిలింది.

వీధి దీపాల నూనె,
చచ్చిన గేదెని ఊరవతలికి లాగిన కూలి,
కలరా మందు,
వాటి మధ్యనే, అదే గుండ్రటి చేతిరాతలో,
కలం ఎక్కడా తడబడకుండా:
'పటమట చేలో గాలిమోటారు దిగుటకు
సున్నము నాలుగు బస్తాలు.'

గాలిమోటారు!
విమానం అని రాయడానికి భయపడి ఉంటాడు గుమాస్తా.
పురాణంలో బండికి
పద్దు రాస్తే ఆడిటరు ఒప్పుకుంటాడా?

కింద ఇంకా ఉంది.
నేల చదును చేసిన ఆడకూలీలు పదకొండు మంది,
మనిషికి మూడణాలు.
గేదెల్ని తోలిన కుర్రాడికి అణా.
'గాలి వాలు తెలుపు గుడ్డ గొట్టము కుట్టినందుకు
దస్తగిరి, దర్జీ, ఇస్లాంపేట, రెండు రూపాయలు.'
పక్కన ఎర్రసిరాలో
'ఇవ్వవలెను.'

బోను సంగతి మర్చిపోయి నేలమీదే కూర్చున్నాను.

మినుము పీకేసిన చేను.
గూటానికి పలుపుతాడు కట్టి
తాడు చివర సున్నం తట్టతో ఓ మనిషి చుట్టూ తిరిగి ఉంటుంది,
పేరు రాయలేదు, సుబ్బులనుకుందాం, కాదు, నాంచారి.
చుక్కల్లేవు, మెలికల్లేవు,
ఇంత పెద్ద ముగ్గుకి ఇంత చిన్న పనేవిటని
మిగతా పదిమందీ నవ్వి ఉంటారు.
పైనుంచి చూసేవాడికోసం ముగ్గెయ్యడం
వాళ్ళకేం కొత్త? దేవుడికి వేసేవాళ్ళేగా!

దస్తగిరి బాధే వేరు.
టేపు మెడలో వేసుకుని
గాలికి నడుం కొలతెంతో ఎవర్నడిగాడో.
అన్నాళ్ళూ కుట్టినవి లాల్చీలూ పైజమాలూ.
ఒంటికాలి పైజమా అనుకుని కుట్టేసి ఉంటాడు.
వెదురుకి కట్టగానే
అందులోకి ఎవరో కాలు దూర్చినట్టు
నిండుగా ఊగి ఉంటుంది.
ఆ కొలత ఒక్కటీ సరిపోయిందని
ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకున్నాడా?

ఇంతకీ అది దిగిందా?
పుస్తకం చెప్పదు.
దిగితే డబ్బు ఖర్చవదు కాబట్టి రాయరు.
తర్వాతి పేజీలో తాటాకు చాపలు,
మళ్ళీ ఓ గేదె.

మరుసటేడు: పాత బాకీ, దస్తగిరి, రెండు రూపాయలు.
ఆపై ఏడూ అదే.
నాలుగో ఏట పేరు పోయి 'దర్జీ' మిగిలాడు.
అయిదో ఏట చేతిరాత మారింది,
కొత్త గుమాస్తా వెనక్కి చూసే రకం కాదు.

ఆదివారం ఇస్లాంపేట వెళ్ళాను.
మూడు సందులు తిరిగితే దొరికింది
ఖాజావలి సంచుల రిపేరు కొట్టు.
దస్తగిరా? ఈ పేటలో ఎంతమంది దస్తగిర్లు సార్,
మా ముత్తాతల్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు, అన్నాడు
నోట్లోని దారం తియ్యకుండా.
కాళ్ళ దగ్గర సూట్‌కేసుల గుట్ట,
చక్రాలూడినవి, జిప్పు తెగినవి,
పిడులకి గన్నవరం చీటీలు ఇంకా అంటుకునే ఉన్నాయి.
ఏం కుట్టాలి, అన్నాడు.

నా దగ్గర గొడుగు తప్ప ఏమీ లేదు.
ఊచ దగ్గర చిరుగుంది నిజంగానే.
ఇరవై అన్నాడు.
ఇరవై రెండు ఇచ్చాను.
రెండు రూపాయల బిళ్ళని
వేలితో నావైపు తోసేసి
చిల్లర వద్దు సార్, అని
తర్వాతి సూట్‌కేసు ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఎర్రసిరా ఇంకా ఆరనట్టే ఉంది.
సందు చివర, వాన లేకపోయినా
కుట్టు ఎలా ఉందో చూద్దామని గొడుగు విప్పాను.
బుస్సున ఉబ్బి చేతిలోంచి లాక్కుపోబోయింది.
గాలి ఏటి వైపునుంచి వస్తోంది.